టైర్ల ఫ్యాక్టరీ కుంటుతోంది: వీఆర్‌ఎస్ తీసుకోవాలా, ఆగి చూడాలా?

చెన్నైలో టైర్లు, రబ్బరు పనుల్లో ఉన్న మనవాళ్లకు ఇది పాత టెన్షనే. కంపెనీ నడక బాగాలేదని తెలిశాక, ఇస్తామన్న వీఆర్‌ఎస్ (కొంత డబ్బు తీసుకుని స్వచ్ఛందంగా ఉద్యోగం వదులుకునే స్కీము) తీసుకుని బయటపడాలా? మళ్లీ పుంజుకుంటుందని రోల్స్‌లోనే ఉండాలా?

ఆగితే ఎంతకాలం పట్టొచ్చో అంబత్తూరు చూసింది. డన్‌లప్ 1936లో హుగ్లీ దగ్గర సాహాగంజ్‌లో టైర్లు మొదలుపెట్టి, 1959లో అంబత్తూరులో రెండో ఫ్యాక్టరీ తెరిచింది. 1998లో కంపెనీ ఖాయిలా పడింది. 2005లో చేతులు మారింది. 2012లో కలకత్తా హైకోర్టు లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులమ్మి అప్పులు తీర్చి కంపెనీని మూసేయడానికి, ఆదేశించింది. ఖాయిలాకీ కోర్టు ఉత్తర్వుకీ మధ్య 14 ఏళ్లు. నలభైలో ఆశ పెట్టుకున్న మనిషికి యాభై నాలుగు వచ్చేస్తాయి. ఆ వయసులో ఇంకో కంపెనీలో క్యూరింగ్ ప్రెస్ (పచ్చి టైరును ఆవిరి వేడితో గట్టిపరిచే యంత్రం) మీద పని దొరకడం చాలా కష్టం.

అలాగని ఆగడం ఎప్పుడూ తప్పేనని నేననను. మరైమలై నగర్‌లో ఫోర్డ్ మూసేస్తామన్నప్పుడు కార్మికులు వెంటనే సంతకాలు పెట్టలేదు. కలిసి నిలబడ్డారు, పని ఆపి కూర్చున్నారు. చివరికి 2022లో సర్వీసులో ఏడాదికి సగటున 140 రోజుల జీతం లెక్కన ఒప్పందం కుదిరింది. మూసివేతకు చట్టం ఇవ్వమనేది ఏడాదికి 15 రోజులే. ఇక్కడ ఒకటి మరిచిపోకూడదు: ఆ కంపెనీ దగ్గర ఇవ్వడానికి డబ్బుంది. అప్పుల్లో మునిగిన టైర్ల కంపెనీతో అదే పట్టు పడితే, గెలిచినా చేతికొచ్చేది కాగితమే.

కాబట్టి ముందు చూడాల్సింది కంపెనీ జేబు. మా బావమరిది పోయిన నెల ఫోన్ చేసి, "బావా, ఫారం ఇచ్చారు, సంతకం పెట్టేయనా?" అని అడిగితే నేను మొదట అడిగింది, "బాయిలర్ నడుస్తోందా?" అని. ఆవిరి లేకపోతే క్యూరింగ్ లేదు. క్యూరింగ్ కాని పచ్చి టైరు ఎన్ని పేర్చినా సరుకు కాదు. రాత్రి షిఫ్టు ఎత్తేశారా, కార్బన్ బ్లాక్ (రబ్బరులో కలిపే నల్ల పొడి) లారీలు వస్తున్నాయా, పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏ నెల వరకు జమ పడింది? యాజమాన్యం గేటు దగ్గర చెప్పే మాట కంటే ఆ పాస్‌బుక్కే నమ్మదగింది.

జమ ఆగిపోయి, ప్రెస్‌లు చల్లబడి ఉంటే నా మాట వీఆర్‌ఎస్ వైపే. ఆగి లిక్విడేషన్ దాకా వస్తే, ఇప్పటి చట్టం ప్రకారం చివరి 24 నెలల జీతం బకాయిలకు బ్యాంకులతో సమానంగా వాటా ఉంటుంది. పీఎఫ్, గ్రాట్యుటీ ఫండ్లను అప్పులు తీర్చే కంపెనీ ఆస్తుల్లో కలపరు. కాగితం మీద బాగానే ఉంది. కానీ కంపెనీ గ్రాట్యుటీ ఫండ్‌లో డబ్బే వేయకపోతే, దానికీ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి.

సంతకానికి ముందు గ్రాట్యుటీ వేరుగా ఇస్తారా, వీఆర్‌ఎస్ మొత్తంలో కలిపేశారా అని రాతపూర్వకంగా తెలుసుకోవాలి. బేసిక్, డీఏ కలిపి 20,800 ఉన్నవాడికి 25 ఏళ్ల సర్వీసుకు గ్రాట్యుటీనే 3 లక్షలు. వీఆర్‌ఎస్‌లో 5 లక్షల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, స్కీము నిబంధనల ప్రకారం పెట్టి ఉంటేనే. డబ్బు వాయిదాల్లో ఇస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. మూతపడబోయే కంపెనీ రాసిచ్చిన రేపటి చెక్కును నమ్ముకుని ఇల్లు నడపలేం.

బాయిలర్ నడుస్తూ, జీతం ఒకటో తారీఖునే పడుతుంటే తొందరపడొద్దు. ఒక్కడివే వెళ్లి సంతకం పెట్టకు, యూనియన్‌తో కలిసి బేరమాడు. ఏ దారి పట్టినా, పదేళ్ల సర్వీసు నిండి ఉంటే పీఎఫ్ పెన్షన్ 58కి వస్తుంది. యాభై దాటాక ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది. చిన్న పనేదైనా దొరికే అవకాశముంటే పెన్షన్‌ను ముందుగా ముట్టుకోకపోవడమే మేలు.