రెడీమేడ్ ‘నో స్మోకింగ్’ బోర్డు: ఆసుపత్రికి పనికొస్తుందా?

వరంగల్, హన్మకొండ ఫ్లెక్సీ దుకాణాల్లో రెడీగా దొరికే ‘నో స్మోకింగ్’ స్టిక్కర్‌కు ఆసుపత్రి అవసరం లెక్కన అయిదుకు ఒకటిన్నర మార్కులు. అదే దుకాణంలో కొలతలు రాసిచ్చి చేయించుకున్న బోర్డుకు నాలుగు.

సైజులోనే తేడా కొడుతుంది. ఏ4 స్టిక్కర్ సుమారు 30 × 21 సెంటీమీటర్లు. బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధిస్తూ 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం బోర్డు కనీసం 60 × 30 ఉండాలి. తెల్ల నేల మీద 15 సెంటీమీటర్లకు తగ్గని వ్యాసంతో గుండ్రం, 3 సెంటీమీటర్లకు తగ్గని ఎర్ర అంచు, మధ్యలో పొగ వస్తున్న సిగరెట్ లేదా బీడీ, దాని మీద అంచంత వెడల్పున ఎర్ర అడ్డగీత. ‘రెండడుగులు బై అడుగు’ అంటే సరిపోతుంది గానీ, చుట్టూ బీడింగ్ కొడితే ఆ కొలత తగ్గుతుంది. ఓ ఇంచు ఎక్కువే చెప్పండి.

దుకాణం కంప్యూటర్లో ఉండే బొమ్మ సిగరెట్టే. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటింటా బీడీలు చుడతారు. వార్డు బయట కూర్చునే పెద్దాయన జేబులో ఉండేదీ బీడీ కట్టే. బీడీ బొమ్మే అడగండి.

అసలు లోపం వేరే ఉంది. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఆ మనిషి పేరు కనబడేలా రాయాలి. రెడీమేడ్ స్టిక్కర్ మీద దానికి జాగానే ఉండదు. పొగ తాగినవాళ్లకు 200 రూపాయల దాకా జరిమానా. ఫిర్యాదు అందినా కదలకపోతే ఎన్ని నేరాలైతే అన్ని జరిమానాలూ ఆ బాధ్యుడి మీదికే వస్తాయి. ఆ బాధ్యత చూసే ఆర్‌ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) బదిలీ అయినప్పుడల్లా బోర్డు మార్చకుండా, కింద పేరు చీటీ దూర్చే అక్రిలిక్ జేబు పెట్టించాలి.

ఫ్లెక్సీ ప్రింట్‌లో ఎండకు ముందు వెలిసేది ఎరుపే. అది పోతే బొమ్మకు అర్థం లేదు. గేటు దగ్గరి బోర్డుకు ఏసీపీ (అల్యూమినియం పూత ఉన్న ప్లాస్టిక్) షీటు మీద ఎర్ర వినైల్ కటింగ్ చేయించండి. లోపలి వాటికి సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ పలక) చాలు. డబుల్ టేపు వద్దు, డిస్టెంపర్ పెచ్చుతో సహా ఊడొస్తుంది. ప్లగ్గులు కొట్టి స్క్రూలు బిగించాలి.

ప్రతి ప్రవేశం దగ్గర, ప్రతి అంతస్తులోనూ మెట్ల దగ్గర, లిఫ్టు ముందు బోర్డు ఉండాలి. రెండు ద్వారాలు, మూడు అంతస్తులు, రెండు మెట్లదారులు, ఒక లిఫ్టు ఉంటే ద్వారాలకు 2, అంతస్తుకు మూడు చొప్పున 9, మొత్తం 11. బాత్రూమ్‌లు, అటెండెంట్ల షెడ్డు, జనరేటర్ గది వెనక సందు అదనం. దొంగచాటుగా వెలిగించేది అక్కడే. గేటు పక్కన సిగరెట్ పీకలు ఆర్పే ఇసుక డబ్బా ఉంటే తీసెయ్యండి, యాష్‌ట్రేలకు అనుమతి లేదు.

ఎంత బాగా చేయించినా ఈ బోర్డు పొగ గురించే మాట్లాడుతుంది. మెట్ల మూలల్లో ఎర్రగా ఉమ్మే అంబర్, జర్దా, గుట్కాల ఊసెత్తదు. ఒక మార్కు అందుకే పోయింది. ఆసుపత్రి సొంత ఉత్తర్వు వేసి, ‘నమలడం, ఉమ్మడం నిషేధం’ అని వేరే పలక పెట్టుకోవాలి. మానాలనుకునేవాళ్ల కోసం ఆ పలక మీదే జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800-112-356 రాయించండి, బీడీ కట్ట మీది కంటే పెద్ద అంకెల్లో.