జాంబీలొస్తే మూడు రోజులు: హైదరాబాద్ నుంచి ఎటు పోవాలి, సంచిలో ఏం పెట్టాలి

జాంబీల గొడవ 72 గంటల్లో అదుపులోకి వస్తుందనుకుందాం. ఇద్దరు మనుషులు, 125 సీసీ మోటారు సైకిలు ఒకటి, వీపు సంచులు రెండు, బయలుదేరేది హైదరాబాద్ నుంచి. లెక్క ఊహే అయినా, వరదొచ్చి ఇల్లు వదలాల్సి వస్తే పనికొచ్చేది ఈ సంచే. 2011లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ జాంబీల పేరు చెప్పి జనానికి అత్యవసర సామాను సర్దుకోవడం నేర్పింది కూడా అందుకే. చాలామంది ముందు సంచి సర్దేసి, ఆ తర్వాత ఎటు పోదామని చూస్తారు. అక్కడే దెబ్బ తింటారు. చేరే చోట నీళ్లున్నాయో లేదో తేలితే తప్ప సంచి బరువు తేలదు.

అందరికీ మొదట తట్టేది భువనగిరి కోట. 50 కిలోమీటర్ల దూరం, ఏకశిల, నున్నటి వాలు, ఇరుకు మెట్లదారి. కాపు కాయడానికి ఇంత మంచి జాగా దగ్గర్లో లేదు. కానీ పైన నీడ లేదు. ఎండాకాలంలో బండ పొద్దుగూకాక కూడా సెగ కక్కుతుంది. గుంటల్లో వాననీళ్లు ఎప్పుడుంటాయో, ఎప్పుడుండవో. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున ఇద్దరికి మూడు రోజులకు 24 లీటర్లు, అంటే 24 కిలోలు మెట్ల మీద మొయ్యాలి. ఒక రాత్రికైతే సరే, మూడు రోజులకు పనికిరాదు.

వికారాబాద్ దగ్గరి అనంతగిరికి 80 కిలోమీటర్లు. చెట్ల నీడ, గుడి దగ్గర కోనేరు, బస చేయడానికి రిసార్టులు ఉన్నాయి. మూసీ పుట్టేది ఇక్కడే అయినా ఎండాకాలం వాగులు ఎండిపోతాయి. అసలు చిక్కు వేరే ఉంది. మామూలు శని, ఆదివారాల్లోనే నగరం సగం అక్కడుంటుంది, ఆపద రోజున ఇంకెంతమంది చేరతారో చెప్పక్కర్లేదు. పైగా కొండ మీద టీబీ ఆసుపత్రి ఉంది. అంటురోగం పాకుతున్నప్పుడు రోగులు ముందుగా చేరేది ఆసుపత్రికే.

శ్రీశైలం దారి ఊరిస్తుంది. అడవి ఉంది, కృష్ణ ఉంది, సత్రాలున్నాయి. అయితే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. హైదరాబాద్‌లో సాయంత్రం 5 దాటాక బయలుదేరితే గేటు బయటే తెల్లారుతుంది. లోపల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, నిప్పు రాజేయడం నేరం, వేసవిలో ప్రమాదం కూడా.

మా ఓటు నాగార్జునసాగర్‌కు. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి ఊళ్ల మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. ఏడాదిలో ఎప్పుడు వెళ్లినా జలాశయంలో నీళ్లుంటాయి. పర్యాటక శాఖ వారి విజయ విహార్ నీటి ఒడ్డునే ఉంది. అక్కడ గది దొరకకపోతే ఏ లాడ్జి అయినా సరే, మొదటి అంతస్తు అడగండి. కింద గది కిటికీ బయటివాళ్లకు అందుతుంది, మూడో అంతస్తు నుంచి త్వరగా బయటపడలేం. దిగగానే బకెట్లన్నీ నింపేయండి. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, పైట్యాంకు కొన్ని గంటల్లో ఖాళీ అవుతుంది. నాగార్జునకొండ దీవి మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. చుట్టూ నీళ్లు ఉన్న మాట నిజమే గానీ రాత్రి బసకు వీల్లేదు, లాంచీ ఆగితే తిరిగొచ్చే దారి లేదు.

దారిలో నల్గొండ జిల్లా బోరు నీళ్ల ఫ్లోరైడ్ గురించి భయపడేవారుంటారు. మరిగించినా, క్లోరిన్ బిళ్ల వేసినా ఫ్లోరైడ్ పోదు. అయితే అది ఏళ్ల తరబడి తాగితే చేసే కీడు. మూడు రోజుల్లో మనిషిని పడగొట్టేది విరేచనాలు. నీటిని నాలుగు మడతల నూలుగుడ్డలో వడగట్టి, తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం మరగనివ్వండి. పొయ్యి లేకపోతే క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగండి. బురద నీళ్లలో బిళ్ల సరిగా పనిచేయదు కాబట్టి వడగట్టడం మానొద్దు. ఓఆర్ఎస్ పొట్లాలు ఆరు ఉంచండి. అవి అయిపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడే.

దారికి మనిషికి 3 లీటర్లు చాలు, మడిచే 10 లీటర్ల క్యాను ఒకటి ఖాళీగా తీసుకెళ్లండి. తిండి వండనిదే కావాలి, పొగా వాసనా రాకూడదు. మనిషికి రోజుకు అటుకులు 200 గ్రాములు, వేయించిన పల్లీలు 150, బెల్లం 100. దాదాపు 1,900 కేలరీలు వస్తాయి. మూడు రోజులకు కిలో 350 గ్రాములే. ఊరగాయ వద్దు, దప్పిక పెంచి నీళ్లు తాగిస్తుంది. స్టీలు డబ్బాలూ వద్దు, ఒకదానికొకటి తగిలి మోగుతాయి.

సంచి బరువు మన బరువులో ఐదో వంతు దాటకూడదు. 60 కిలోల మనిషికి 12 కిలోలు. నీళ్లు వెన్నుకు ఆనుకుని నడుముకు కాస్త పైన పెట్టాలి. అడుగున పెడితే సంచి వెనక్కి లాగుతుంది. నడుము పట్టీ లేని కాలేజీ బ్యాగుతో రెండు గంటల్లో భుజాలు కోసుకుపోతాయి. టార్చిలో ఒక సెల్లు తిరగేసి పెట్టండి, సంచిలో దానంతటదే వెలిగి అయిపోదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 5,000 ఫోన్‌ను నాలుగుసార్లు నింపుతుందనుకోవద్దు, రెండున్నరసార్లే లెక్కేసుకోండి. మిగతాది వోల్టేజీ మార్పులో, వేడిలో పోతుంది. యూపీఐ పనిచేయకపోవచ్చు, పది, యాభై, వంద నోట్లు ఉంచండి. కొత్త బూట్లు మాత్రం వేసుకోకండి. మడమ మంట పుట్టగానే, బొబ్బ లేవకముందే, మైక్రోపోర్ టేపు అంటించాలి. ఐదడుగుల వెదురుకర్ర తప్పనిసరి. పామును తప్పించడానికీ, టార్పాలిన్‌కు గుంజగానూ పనికొస్తుంది.

బండికి ట్యాంకు నిండా పెట్రోలు ఉంటే సాగర్ రానూపోనూ సరిపోతుంది. లీటరుకు 45 వచ్చినా 7 లీటర్ల లోపే. ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు మొయ్యొద్దు. ట్యూబ్‌లెస్ టైరైతే పంక్చర్ కిట్టు, కాలిపంపు ఉండాలి. కంతను ఆకురాయి సూదితో బాగా గరుకు చేయకుండా పట్టీ దూరిస్తే పది కిలోమీటర్లకే గాలి దిగిపోతుంది. గాలి పట్టాక ఆ చోట ఉమ్మి రాసి చూడండి. బుడగ రాకపోతేనే కదలండి.