మీగడ రంగు అట్ట ఉన్న చైనా నోటరీ పుస్తకం: ఐదేళ్ల వాడకం తర్వాత

మా ఇంట్లో పాస్‌పోర్టుల కంటే భద్రంగా దాచుకునే వస్తువు ఒకటి ఉంది. మీగడ రంగు అట్ట, లోపల ఐదారు పేజీలు. ముందు చైనీస్‌లో ఒక ధ్రువీకరణ, తర్వాత దాని ఇంగ్లిష్ అనువాదం, ఆ అనువాదం మూలానికి సరిపోయిందని చెప్పే ఇంకో ధ్రువీకరణ, ఎర్ర ముద్రలు. ఫొటో అంచున వేలు ఆనిస్తే ఉబ్బెత్తు ముద్ర గీతలు తగులుతాయి. వెన్ను దగ్గర గట్టిగా అతికించి ఉంటుంది, పేజీలు విడదీస్తే చెల్లదు. చైనాలో దీన్ని ‘గోంగ్‌జెంగ్‌షు’ అంటారు. నా భార్య చైనాలో పుట్టి పెరిగింది. అమెరికాలో ఇమిగ్రేషన్ పనులకు చైనావాళ్లు తమ పుట్టుకను, అక్కడ జరిగిన పెళ్లిని, నేరచరిత్ర లేదన్న సంగతిని రుజువు చేసుకునేది ఈ పుస్తకాలతోనే.

గ్రీన్ కార్డు దరఖాస్తు ఫారం ఐ-485 ఎలా నింపాలి, ఫీజు ఎంత, వైద్య పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి అన్న విషయాలు ఈ దారిలో ఉన్నవాళ్లందరికీ కంఠతా వచ్చే ఉంటాయి. వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఈ పుస్తకంలోని ఒకే ఒక్క వాక్యం గురించి: ఫలానా వ్యక్తి ఫలానా తేదీన ఫలానా చోట పుట్టారు.

నాది గద్వాల. ఉద్యోగం ద్వారా, పై చదువులున్నవాళ్ల ఈబీ-2 వర్గం కింద, గ్రీన్ కార్డుకు నా ప్రయారిటీ తేదీ, అంటే వరుసలో నా చోటును తేల్చే తేదీ, 2015 మార్చి. మన వాళ్లకు దీని అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏ దేశం వరుస ఏ తేదీ దాకా వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా వీసా బులెటిన్‌లో చెబుతుంది. 2020 అక్టోబరు బులెటిన్‌లో భారతదేశం వరుస 2009 సెప్టెంబరు 1 దగ్గర నిలబడి ఉంది, అంతకు ముందు తేదీ ఉన్నవాళ్లకే వంతు. అదే పట్టికలో, కొంచెం పక్కన, చైనా వరుస 2016 మార్చి 1. నెలనెలా ఆ బులెటిన్ తెరిచేవాడిని, మన గడి చూసి మూసేసేవాడిని. చైనా గడి నాకు సంబంధించినది కావచ్చన్న ఆలోచనే రాలేదు. నా భార్య ఎదురుగా కూర్చుని ఉండగా కూడా రాలేదు.

ఆఫీసులో ఒక తమిళ మిత్రుడు భోజనాల వేళ మాటల్లో అన్నాడు: "మీ ఆవిడ చైనాలోనే పుట్టింది కదా, మరి నువ్వు ఇంకా ఇండియా వరుసలో ఎందుకున్నావు?" చట్టంలో ఆ వీలుంది. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి పెట్టినప్పుడు లెక్కలోకి వచ్చేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. భార్యాభర్తలు వేర్వేరు దేశాల్లో పుట్టి, ఇద్దరూ కలిసి దరఖాస్తు చేస్తే, ఎవరి వరుస ముందుంటే ఇద్దరినీ ఆ వరుసలో లెక్కించవచ్చు. తల్లిదండ్రుల వరుస పిల్లలకు వర్తిస్తుంది కానీ, పిల్లలు అమెరికాలోనో మరోచోటో పుట్టినంత మాత్రాన ఆ లెక్క తల్లిదండ్రులకు రాదు. మా కంపెనీ తరఫు న్యాయవాదికి రాస్తే మొదట వచ్చిన జవాబు, "మీరు భారత్‌లో పుట్టారు కాబట్టి మీ వరుస భారత్‌దే" అని. చట్టంలోని ఆ భాగాన్ని ఉటంకిస్తూ రెండోసారి రాశాను. మూడు రోజులకు జవాబు మారింది. మాకు పెళ్లయింది 2017లో. అంటే మూడేళ్లుగా ఆయన దగ్గర మా ఇద్దరి పాస్‌పోర్టు ప్రతులూ ఉన్నాయి. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

సరే, ఆమె చైనాలో పుట్టిందని రుజువు చేయాలి. ఆమె పుట్టింది 1986లో. ఆసుపత్రులు దేశమంతటా ఒకే నమూనాలో జనన ధ్రువపత్రం ఇవ్వడం చైనాలో 1996లో మొదలైంది. అంతకు ముందు పుట్టినవాళ్లకు ఆ కాగితం ఉండదు. ఇక్కడే ఈ నోటరీ పుస్తకం గొప్పతనం తెలిసింది. మామగారు కుటుంబ నమోదు పుస్తకం ‘హుకో’, తనదీ అత్తగారిదీ గుర్తింపు కార్డులు, కూతురి పాస్‌పోర్టు ప్రతి, రెండు ఫొటోలు పట్టుకుని నోటరీ కార్యాలయానికి వెళ్లారు. నా భార్య అమెరికా నుంచి కదలలేదు. రెండు వారాల్లో పుస్తకం చేతికి వచ్చింది. పేరు, తేదీ, పుట్టిన చోటు, తండ్రి పేరు, తల్లి పేరు, ఫొటో, అనువాదం అన్నీ ఒకే అట్ట మధ్య.

నా సంగతి చూడండి. నేను 1982లో ఇంట్లోనే పుట్టాను, ఎవరూ నమోదు చేయించలేదు. మున్సిపాలిటీ చుట్టూ తిరిగి, జననం తమ రికార్డుల్లో లేదన్న పత్రం ఒకటి తెచ్చుకుని, మా మేనమామ, పెద్దనాన్న స్టాంపు కాగితాల మీద ప్రమాణపత్రాలు రాసి ఇస్తే, పదో తరగతి మెమో జోడించి పంపాను. నాలుగు కాగితాలు, మూడింటిలో మా ఇంటిపేరు మూడు రకాలుగా ఉంది. వాటన్నిటి పక్కన ఆ మీగడ రంగు పుస్తకం పెట్టి చూసినప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది. తెలిసినవాళ్లందరికీ దాని గురించి గొప్పగా చెప్పాను. ఎలాంటి చిక్కూ రాదని రెండు మూడు చోట్ల హామీ కూడా ఇచ్చాను. ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

2020 అక్టోబరు చివర్లో ఇద్దరం కలిసి దరఖాస్తు పెట్టాం. 2021 మే నెలలో ఇమిగ్రేషన్ శాఖ నుంచి ఒక కవరు వచ్చింది. మరిన్ని ఆధారాలు పంపమని అడిగారు, గడువు 87 రోజులు. అడిగింది ఒకే విషయం. జనన పత్రంలో ఆమె పుట్టిన చోటు చోంగ్‌చింగ్ అని ఉంది. ఆమె చదువుకోవడానికి అమెరికా వచ్చినప్పటి పాస్‌పోర్టులో సిచువాన్ అని ఉంది. ఈ తేడా ఏమిటో ఆధారాలతో వివరించండి.

చైనా పాస్‌పోర్టులో పుట్టిన చోటు కింద ఊరి పేరు ఉండదు, ప్రావిన్సు పేరే ఉంటుంది. నా భార్య పుట్టిన ఊరు యాంగ్‌ట్సీ ఒడ్డున ఉన్న వాన్‌షియన్. 1986లో అది సిచువాన్ ప్రావిన్సులో ఉండేది. 1997లో చోంగ్‌చింగ్‌ను సిచువాన్ నుంచి విడదీసి, బీజింగ్, షాంఘై లాగా నేరుగా కేంద్ర ప్రభుత్వం కిందికి తెచ్చినప్పుడు వాన్‌షియన్ కూడా అందులోకి వెళ్లింది. ఇప్పుడు దాన్ని వాన్‌జౌ జిల్లా అంటారు. పాత పాస్‌పోర్టు ఇచ్చినవాళ్లు పుట్టిననాటి ప్రావిన్సు రాశారు. నోటరీ కార్యాలయం నేటి పేరు రాసింది. రెండూ నిజాలే.

ఇది నాకు అర్థం కావడానికి క్షణం పట్టలేదు. నా పాత పాస్‌పోర్టులో గద్వాల, ఆంధ్రప్రదేశ్ అని ఉంది. 2014 జూన్ 2 తర్వాత పునరుద్ధరించుకున్న దానిలో గద్వాల, తెలంగాణ అని ఉంది. పుట్టినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా. ఇల్లు కదలలేదు, చుట్టూ ఉన్న పేర్లే మారాయి. నన్ను ఎవరూ అడగలేదు. ఆమెను అడిగారు. సిచువాన్ అయినా చోంగ్‌చింగ్ అయినా చైనాయే కదా, వరుసకు వచ్చిన నష్టం లేదు కదా అని మొదట అనుకున్నాను. కానీ మా దరఖాస్తు మొత్తం ఆమె పుట్టిన చోటు మీదే నిలబడి ఉంది. ఆ ఒక్క వాక్యం మీద అనుమానం మిగిలితే ఇద్దరమూ 2009 వరుస వెనక్కి వెళ్లి నిలబడాలి.

మామగారికి ఫోన్ చేశాం. ఆయన పదవీ విరమణ చేసిన ఫ్యాక్టరీ కార్మికుడు, నెమ్మదస్తుడు. నోటరీ కార్యాలయానికి మూడుసార్లు వెళ్లారు. మొదటిసారి, ప్రస్తుత పరిపాలనా విభాగం పేరు మాత్రమే రాస్తామని చెప్పి పంపేశారు. రెండోసారి, పాత పేరు కూడా రాయాలంటే ఆనాటి కాగితం ఏదైనా చూపాలన్నారు. ఆనాటి కాగితం ఎక్కడిది? పుట్టిన ఆసుపత్రి ఉన్న వీధి ఇప్పుడు లేదు. 2003లో త్రీ గోర్జెస్ జలాశయం నింపడం మొదలుపెట్టాక నదిని ఆనుకుని ఉన్న పాత పట్టణం నీట మునిగింది, వీళ్లంతా పైనున్న కొత్త ఇళ్లకు మారారు. ఆ రాత్రి మా అమ్మకు ఫోన్‌లో ఈ సంగతి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మ పుట్టిన ఊరు అలంపురం వైపు, శ్రీశైలం ముంపులో పోయింది. తర్వాత ఒకటే అడిగింది: "మీ అత్తగారు కట్టుకున్న మూటల్లో ఏదో ఒకటి ఉండకపోదు, సరిగ్గా వెతికించావా?"

ఉంది. అత్తగారు పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు ముఖ్యమైనవన్నీ ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో వేసి తెచ్చుకున్నారు. అందులో ‘ఒకే సంతానం’ ధ్రువపత్రం దొరికింది. ఒక్క బిడ్డతో ఆగుతామని ఒప్పుకున్న తల్లిదండ్రులకు ఆ రోజుల్లో ప్రభుత్వం ఇచ్చినది. అరచేతిలో ఇమిడే చిన్న ఎర్ర పుస్తకం. లోపల ఏడాది పాప నలుపు తెలుపు ఫొటో, చేత్తో రాసిన పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, కింద వెలిసిన గుండ్రటి ముద్ర. ముద్ర అంచున సిచువాన్ ప్రావిన్సు, వాన్‌షియన్ అన్న అక్షరాలు స్పష్టంగా చదవడానికి వస్తున్నాయి. అత్తగారు వీచాట్‌లో ఆ ఫొటో పంపినప్పుడు నా భార్య ముద్రను చూడలేదు. చాలాసేపు ఆ పాప ముఖాన్నే చూస్తూ కూర్చుంది. ఆ ఫొటో ఒకటి ఉందని తనకు తెలియదట.

మూడోసారి మామగారు దాన్ని పట్టుకువెళ్లారు. కొత్త పుస్తకంలో వాక్యం ఇలా మారింది: సిచువాన్ ప్రావిన్సు వాన్‌షియన్‌లో, ప్రస్తుతం చోంగ్‌చింగ్ నగరంలోని వాన్‌జౌ జిల్లాలో, పుట్టారు. దానితోపాటు 1997 విభజన గురించి ఒక పేజీ వివరణ, ఆ ఎర్ర పుస్తకం ప్రతి, అనువాదం జోడించి గడువుకు పందొమ్మిది రోజుల ముందు పంపాం. సెప్టెంబరులో ఇద్దరికీ కార్డులు వచ్చాయి. భారత్ ఈబీ-2 వరుస 2025 ముగిసేనాటికి కూడా 2013 దగ్గరే ఉంది. నేను ఇంకా అందులోనే ఉండేవాడిని.

కాబట్టి నా సలహా ఒకటే. చైనాలో పుట్టిన మీ భార్యకో భర్తకో ఈ పుస్తకం చేయిస్తుంటే, వాళ్ల దగ్గరున్న పాస్‌పోర్టులన్నీ, గడువు ముగిసినవి కూడా, ముందు బల్ల మీద పరవండి. పుట్టిన చోటు ఎక్కడ ఎలా ఉందో చూడండి. తేడా ఉంటే రెండు పేర్లూ ఒకే వాక్యంలో వచ్చేలా మొదటే అడగండి. పుస్తకం వచ్చాక తేడా తెలిసి మేము కొత్తది చేయించాల్సి వచ్చింది.

మిగతా పనుల్లో ఈ పుస్తకం అంత అక్కరకు రాలేదు. అత్తమామల సందర్శక వీసా కోసం బంధుత్వ రుజువుగా ఇంకో పుస్తకం చేయించాం. ఇంటర్వ్యూలో అధికారి దాన్ని తెరవనే లేదు. పదేళ్ల వీసా ఇచ్చారు, సంతోషం. అయితే మన తల్లిదండ్రుల పదేళ్ల వీసాకు లేని మెలిక ఒకటి వాళ్లదానికి ఉంది. ప్రయాణం చేయాలంటే ‘ఈవస్’ అనే ఆన్‌లైన్ నమోదు చెల్లుబాటులో ఉండాలి. రెండేళ్లకోసారి, పాస్‌పోర్టు మారితే మళ్లీ, చేయాలి. ఇదివరకు ఉచితం, 2025 సెప్టెంబరు 30 నుంచి 30 డాలర్లు. నేను ఫోన్‌లో గుర్తు పెట్టుకుని చేస్తున్నాను. పెద్దవాళ్లను దాని బాధ్యత తీసుకోమనడం అన్యాయం.

ఇక గద్వాల ప్రయాణానికి ఏ పుస్తకమూ సాయపడలేదు. 2020 తర్వాత చైనీయులకు భారత పర్యాటక వీసాలు ఆగిపోయాయి, మళ్లీ ఇవ్వడం మొదలైంది 2025 జులై 24న. ఆ ఐదేళ్లలో మా అమ్మానాన్నలే రెండుసార్లు ఇక్కడికి వచ్చారు. కోడలికి మా ఇల్లు వీడియోలోనే తెలుసు.

పుస్తకానికి నేను మంచి మార్కులే వేస్తాను. అయితే మా పరిస్థితి వేరు. చైనాలో తిరిగే ఓపిక ఉన్న మామగారు ఉన్నారు, ఏదీ పారేయని అత్తగారు ఉన్నారు. తల్లిదండ్రులు లేనివాళ్లకు, ఊరు వదిలి పాతికేళ్లయినవాళ్లకు ఇదే పని ఎంత కష్టమవుతుందో నేను చెప్పలేను. రెండు వరుసల మధ్య దూరం కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. మీరు దరఖాస్తు చేసే నెల బులెటిన్ చూసుకోండి.

మా పుస్తకానికి ఇంకో పని పడేలా ఉంది. 2026లో నా భార్య అమెరికా పౌరసత్వానికి అర్హురాలవుతుంది. పౌరురాలైతేనే తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు అడగగలదు. కానీ చైనా రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు, మన దేశం లాగానే. ఆమె ఇంకా తేల్చుకోలేదు, నేను తొందరపెట్టడం లేదు. ఎందుకైనా మంచిదని మొన్న ఆదివారం పుస్తకం తీసి తల్లి పేరు ఉన్న గీత చూశాం. అత్తగారి ఇంటిపేరు పలకాలంటే పెదవులను ‘ఉ’కు చుట్టినట్టు చుట్టి లోపల ‘ఈ’ అనాలి. 2012 నుంచి పాస్‌పోర్టుల్లో దాన్ని ఎల్, వై, యు అని రాస్తున్నారు. అంతకు ముందు ఎల్, యు అని రాసినవీ ఉన్నాయి, కంప్యూటర్‌లో ఆ అచ్చుకు ‘వి’ మీట నొక్కాలి కాబట్టి ఎల్, వి అని పడినవీ ఉన్నాయి. పుస్తకంలోనూ ఆవిడ ఇప్పటి పాస్‌పోర్టులోనూ ఎల్, వై, యు అనే ఉంది. ఆవిడ పాత పాస్‌పోర్టు ఆ రేకు డబ్బాలోనే ఉందట, ఫొటో తీసి పంపమని అడిగాం.