రెండు ప్రో బౌల్ పోటీలు: 2004, 2012

ప్రో బౌల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని మేటి ఆటగాళ్లు, లీగ్‌లోని రెండు విభాగాలైన ఎన్‌ఎఫ్‌సీ, ఏఎఫ్‌సీల తరఫున తలపడిన ప్రదర్శన పోటీ. హవాయిలోని హొనొలులులో, అలోహా స్టేడియంలో జరిగిన ఈ రెండు పోటీలు స్కోరును బట్టి చూస్తే కవలల్లా కనిపిస్తాయి: 2004లో ఎన్‌ఎఫ్‌సీ 55–52తో, 2012లో ఏఎఫ్‌సీ 59–41తో గెలిచాయి. నా ఓటు మాత్రం మొదటిదానికే. ఒక దశలో 13–38తో వెనుకబడిన ఎన్‌ఎఫ్‌సీని మార్క్ బల్జర్ 4 టచ్‌డౌన్ పాసులతో (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి 6 పాయింట్లు తెచ్చే పాసులు) పైకి లాగగా, ఆ సీజన్‌లో ఒక్క ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని 3 పాయింట్లు పొందడం) కూడా తప్పని ఏఎఫ్‌సీ ఆటగాడు మైక్ వాండర్‌జాట్ ఆఖరి క్షణంలో 51 గజాల నుంచి తన్నిన బంతి, స్కోరు సమం చేయాల్సింది కాస్తా, కుడిపక్కకు వెళ్లిపోయింది. విచిత్రమేమిటంటే, 107 పాయింట్లు నమోదైన ఆటలో అందరికీ గుర్తుండిపోయింది రాని ఆ 3 పాయింట్లే. 2012లో ఏఎఫ్‌సీ తరఫున బ్రాండన్ మార్షల్ ఒక్కడే 4 టచ్‌డౌన్లు సాధించాడు. అయితే ప్రత్యర్థిని గట్టిగా అడ్డుకోవాలన్న పట్టుదల రక్షణ వరుసల్లో కనిపించకపోవడంతో, టికెట్టు కొని వచ్చిన ప్రేక్షకులే గేలి చేశారు.