కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ పీజీ: బీటెక్ అవ్వగానే చేరాలా, సైట్ చేసి చేరాలా? ఏది మేలు?

ఈ రెండు నెలల్లో ఈ ప్రశ్న నన్ను కనీసం పదిమంది అడిగారు. గుంటూరు నుంచి, నరసరావుపేట నుంచి, గన్నవరం నుంచి, అందరిదీ ఒకటే మాట, "అన్నా సివిల్ అయిపోతోంది, కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో వెంటనే చేరిపోనా, రెండేళ్ళు సైట్ చేసి చేరనా?" అని. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. నేను సైట్ చేసి వెళ్ళినవాణ్ణి, మా పిన్ని కొడుకు బీటెక్ అవ్వగానే వెళ్ళాడు, ఇద్దరం ఒకే సంవత్సరం ఎంటెక్ పూర్తి చేశాం కాబట్టి రెండు దారులూ దగ్గర్నుంచి చూశా.

ముందు వెంటనే చేరడం గురించి. పుస్తకం పట్టే అలవాటు పోకముందే చేరతారు, అది చిన్న విషయం కాదు. గేట్ (ఎంటెక్ సీట్లకి రాసే జాతీయ పరీక్ష) స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 స్టైపెండ్ వస్తుంది, గవర్నమెంటు సీటైతే ఇంట్లో పెద్దగా అడక్కుండానే రెండేళ్ళు గడిచిపోతాయి. ఫైనలియర్‌లో ఉన్నవాళ్ళకైతే ఎల్‌అండ్‌టీ బిల్డ్ ఇండియా స్కాలర్‌షిప్ ఉంది, రాతపరీక్షా ఇంటర్వ్యూ దాటితే ఐఐటీ మద్రాస్ లాంటి చోట కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్‌లో ఎంటెక్ చేయిస్తారు, తర్వాత వాళ్ళ కంపెనీలోనే కొంతకాలం పనిచెయ్యాలి. అది వస్తే ఇంకేం ఆలోచించొద్దు, చేరిపోండి.

సైట్‌కి వెళ్తే ఉన్న ప్రమాదం కూడా దాచను. పొద్దున ఏడింటికి వెళ్ళి రాత్రి శ్లాబు పడితే పదకొండింటికి ఇల్లు చేరేవాడు గేట్ ఎప్పుడు చదువుతాడు? జీతం అలవాటైపోతుంది, బండి ఈఎంఐ మొదలవుతుంది, ఇంట్లో సంబంధాలు చూడ్డం మొదలెడతారు. నాతో సైట్‌లో చేరిన నలుగురిలో పీజీకి వెళ్ళింది నేనొక్కణ్ణే.

అయినా నా ఓటు సైట్‌కే. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో మొదటి సెమిస్టర్లోనే సీపీఎం, అంటే క్రిటికల్ పాత్ మెథడ్ చెప్తారు, ఏ పనులు లేటైతే ప్రాజెక్టు మొత్తం లేటవుతుందో లెక్కగట్టడం. 1950ల చివర్లో డ్యూపాంట్ కంపెనీలో పుట్టిన పద్ధతి అది, ఫార్వర్డ్ పాస్ బ్యాక్‌వర్డ్ పాస్ అనే దాని లెక్కలు ఎవరైనా రెండు క్లాసుల్లో నేర్చేసుకుంటారు, ప్రైమవెరా సాఫ్ట్‌వేర్‌లో కొడితే క్రిటికల్ పాత్ అదే ఎర్రగా చూపిస్తుంది. కానీ ఆ లెక్కలోకి వెళ్ళే రోజుల సంఖ్య ఎక్కణ్ణుంచి వస్తుంది? శ్లాబు కింద ప్రాప్స్ (ఆసరా స్తంభాలు) ఎన్నాళ్ళు ఉంచాలో ఐఎస్ 456 అనే కాంక్రీటు కోడ్ చెప్తుంది, 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) అయితే 7 రోజులు, దాటితే 14. నల్లరేగడిలో వాన పడ్డాక టిప్పర్ ఎన్ని రోజులకి లోపలికి దిగుతుందో మాత్రం ఏ కోడూ చెప్పదు.

నా మొదటి సైట్ తాడికొండ వైపు, మిర్చి కోల్డ్ స్టోరేజీ. సీజన్లో సరుకు మొదలయ్యేలోపు ఓనర్‌కి అప్పజెప్పాలి, లేకపోతే ఆయనకి ఒక సంవత్సరం పోయినట్టే. ఆఫీసులో బార్ చార్ట్ (ఏ పనికి ఎన్ని రోజులో చూపించే పట్టిక) వేసినతను ఎంటెక్, తెలివైనవాడు, కాకపోతే అప్పటికి సైట్ చూళ్ళేదు. ఆగస్టులో ఫుటింగులకి (పునాదులకి) 25 రోజులు అని వేశాడు. చార్ట్ చూపిస్తే మా మేస్త్రీ ఒకటే మాట అన్నాడు, "ఈ నేలలో వాన పడితే నాలుగు రోజులు బండి దిగదు బాబూ" అని. రెండు వానలు పడ్డాయి, గుంటల్లో నీళ్ళు మోటార్లు పెట్టి తోడుతూ, అంచులు విరిగి పడితే మళ్ళీ తవ్వుతూ 47 రోజులు పట్టింది. దాని తర్వాత డ్రాయింగ్ మారిందని ఇంకో పది రోజులు ఖాళీ. మిగతా పని సాగుతుండగానే సంక్రాంతి వచ్చింది, శ్రీకాకుళం కూలీల బ్యాచ్ ఊరెళ్ళిపోయింది, వారం పైన సైట్‌లో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు.

ఇంకా బాధాకరమైంది ఏంటంటే వాన రోజులు గానీ, డ్రాయింగ్ లేటు గానీ మా కాంట్రాక్టరు దగ్గర ఎక్కడా రాసిపెట్టలేదు. పని ఎందుకు ఆగిందో రాసే హిండ్రన్స్ రిజిస్టర్ ఖాళీ. గడువు పెంచమని ఉత్తరం కూడా సమయానికి వెళ్ళలేదు, ఆఖరి బిల్లులో లేటుకి పెనాల్టీ కోసేశారు, దాని వల్ల మాకు రెండు నెలల జీతాలు ఆగాయి. తర్వాత ఎంటెక్ క్లాసులో 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74, లిక్విడేటెడ్ డ్యామేజెస్ (ఒప్పందంలో ముందే రాసుకున్న నష్టపరిహారం) చెప్తుంటే నాకు ఆ బిల్లు కళ్ళముందు కనపడింది. పక్కన మా తమ్ముడు, అదే మా పిన్ని కొడుకు, ఆ పాఠాన్ని పరీక్ష కోసం రాసుకుంటున్నాడు, నాకంటే మార్కులు వాడికే ఎక్కువొచ్చాయి కూడా. కానీ ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో "ఈ పని నీ సైట్‌లో ఎన్ని రోజులు పట్టింది, ఎందుకు పట్టింది" అని అడిగితే వాడి దగ్గర సమాధానం లేదు. వాడికీ ఉద్యోగం వచ్చింది, కాకపోతే మొదటి రెండేళ్ళూ నేను ముందే చేసొచ్చిన సైట్ పనే చేస్తున్నాడు.

డబ్బు సంగతి. నిక్‌మార్ లాంటి చోట్ల గురించి చాలామంది అడుగుతున్నారు. 1980ల్లో ఈ రంగం కోసమే పెట్టిన సంస్థ, మనకి దగ్గర్లో హైదరాబాద్ శామీర్‌పేట వైపు క్యాంపస్ ఉంది, ఇండస్ట్రీలో పేరు బాగుంది. కానీ ఫీజు లోను మీద చదవాలంటే ఒకసారి లెక్క వేసుకోండి, 10 లక్షలు 10 శాతం వడ్డీకి ఏడేళ్ళకి తీసుకుంటే నెలకి దాదాపు 16,600 కట్టాలి. సైట్ అనుభవం ఉండి వెళ్తే ఆ లోను భరించగలిగే ఉద్యోగం వచ్చే అవకాశం ఎక్కువ, ఏమీ లేకుండా వెళ్ళి లోను నెత్తిన పెట్టుకోవడం మాత్రం నాకు భయమే.

ఇల్లు వదల్లేనివాళ్ళకి మన విజయవాడలోనే ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, మాస్టర్ ఆఫ్ బిల్డింగ్ ఇంజినీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ చేయొచ్చు, ఆర్కిటెక్ట్‌లతో కలిసి చదువుతారు, అది సివిల్ వాళ్ళకి మంచిదే. డిస్టెన్స్ పీజీ, నెలరోజుల ప్రైమవెరా కోర్సులు ఉద్యోగం చేస్తూ పక్కన చేసుకోండి, వాటినే నమ్ముకోవద్దు. ఎంటెక్ స్ట్రక్చర్స్ అంటారా, డిజైన్ ఇష్టమైతేనే.

మరి గేట్ సంగతేంటి అంటారు కదా. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, ఇది చాలామంది పట్టించుకోవట్లేదు. ఫైనలియర్‌లో చదువు వేడి మీద ఉన్నప్పుడే ఫిబ్రవరిలో రాసెయ్యండి, స్కోరు దగ్గర పెట్టుకుని సైట్‌కి వెళ్ళండి, రెండు వానాకాలాలు చూసి అదే స్కోరుతో సీటుకి అప్లై చేయండి. సైట్‌లో ఉండి గేట్ చదవాల్సిన పనే లేదు. నేను ఇది తెలియక సైట్ మానేసి ఆరు నెలలు ఇంట్లో కూర్చుని చదివా.

2019లో ఆగిపోయిన అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాయి, 2025 మేలో ప్రధాని వచ్చి పునఃప్రారంభించారు కూడా. కాబట్టి ఇప్పుడు విజయవాడ, గుంటూరు పిల్లలకి సైట్ కోసం బెంగళూరో హైదరాబాదో పోవాల్సిన అవసరం అంతగా లేదు. కానీ ఏ సైట్ పడితే ఆ సైట్‌లో చేరొద్దు. జీతం వెయ్యి రెండువేలు తక్కువైనా పర్లేదు, చేరేముందు అడగండి, కొలతలు తీసి ఎం-బుక్ (కొలతల పుస్తకం) రాయనిస్తారా, ఆర్‌ఏ బిల్లు (అయిన పనికి మధ్యమధ్యలో పెట్టే బిల్లు) తయారు చేసేటప్పుడు పక్కన కూర్చోనిస్తారా, రోజువారీ రిపోర్టు నేను రాయొచ్చా అని. వీటికి ఒప్పుకోకుండా "కాంక్రీటు పోసేటప్పుడు నిలబడితే చాలు" అన్నచోట ఆరు నెలలకి మించి ఉండకండి. రిపోర్టు మీ చేతికొచ్చిన రోజు నుంచీ ఒక సొంత నోటుబుక్ పెట్టుకుని ఏ పనికి ఎంతమంది వచ్చారు, ఎంత పని అయ్యింది, ఎందుకు ఆగింది రాసుకోండి. నా ఎంటెక్ ప్రాజెక్టుకి డేటా అంతా అలాంటి రెండు నోటుబుక్కుల్లోంచే వచ్చింది.