చెరువుకు 30 మీటర్లా, 75 మీటర్లా?

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఫ్లాటు కొనే మనవాళ్లు ధర అడుగుతారు, కావేరి నీళ్లొస్తాయా అని అడుగుతారు, చెరువు ఎంత దూరమో మాత్రం అడగరు. సరిగ్గా ఆ దూరం దగ్గరే రాష్ట్ర ప్రభుత్వానికీ, పర్యావరణ కేసులు చూసేందుకు పార్లమెంటు చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కూ పొత్తు కుదరలేదు.

చెరువు చుట్టూ 30 మీటర్లు కట్టడాల్లేకుండా వదిలితే చాలని బెంగళూరు మాస్టర్ ప్లాన్ అంటుంది. 2016లో ట్రిబ్యునల్ దాన్ని 75 చేసింది. చట్టబద్ధమైన ప్లాన్‌ను మార్చే అధికారం దానికి లేదంటూ 2019లో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టేసింది.

స్థానిక పరిజ్ఞానంలో రాష్ట్రానిదే పైచేయి. ఏ రాజకాలువ (పెద్ద వాననీటి కాలువ) ఎటు పారుతుందో ఢిల్లీకి ఏం తెలుస్తుంది? 1974 నీటి చట్టం కింద అనుమతులు, తనిఖీలు కూడా ప్రధానంగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలివే. చిక్కల్లా, మురుగు శుద్ధి చేయాల్సిన జలమండలి, అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ రెండూ ఆ ప్రభుత్వం కిందివే కావడం. సొంతవాళ్ల మీద కొరడా ఎవరు ఝళిపిస్తారు? బెళ్లందూరు చెరువు నురగలు కక్కింది, నీళ్ల మీద మంటలు లేచాయి. చివరికి 2018 డిసెంబరులో రాష్ట్రాన్ని 50 కోట్లు, బీబీఎంపీని 25 కోట్లు కట్టమన్నది ట్రిబ్యునలే.

అందుకే హద్దులు గీసే పని రాష్ట్రానికి, జరిమానా వేసే పని బయటివారికి ఉండాలంటాను. ఈలోగా మీరు మాత్రం, గ్రామ పటంలో చెరువు హద్దు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.