సిరిమాను సందెవెలుగులో 50 ఎం.ఎం. లెన్స్

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవైన మానును, అంటే సిరిమానును, ఫొటో తీయాలనుకునేవారికి అసలు చిక్కు జనసందోహం కాదు, వెలుతురు. పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు ముందు సాగగా సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగేసరికి పొద్దు వాలిపోతుంది. నా కెనాన్ 200డికి దానితోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ తగిలించి, మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి తీసిన ఫొటోల్లో మాను చివర కూర్చున్న పూజారి ముఖం చెదిరిపోయింది. భక్తులు విసిరిన అరటిపళ్లు గాలిలో పసుపు గీతల్లా పడ్డాయి. లోపం కెమెరాదేనని నమ్మి కొత్త బాడీ (లెన్స్ లేని కెమెరా) కొనడానికి సిద్ధపడ్డాను.

నేను వెళ్లిన దుకాణంలో ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సార్ ఉన్న, కెనాన్ 6డి మార్క్ 2 తీసుకోమని గట్టిగా చెప్పారు గాని, నా కిట్ లెన్స్ దానికి ఎక్కదన్న సంగతి చెప్పలేదు. ఆ మాట తెలిశాక కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఆ బాడీలోని సెన్సార్ వైశాల్యం నా కెమెరా సెన్సార్‌కు సుమారు 2.6 రెట్లు, అంటే ఒకే ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర), ఒకే షట్టర్ వేగం దగ్గర చీకట్లో కలిసివచ్చేది ఒకటిన్నర స్టాపు లోపే; వెలుతురు రెట్టింపైతే ఒక స్టాపు. 24.2 మెగాపిక్సెళ్లు 26.2 కావడం ప్రింటులో కంటికి ఆనదు. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది; కిట్ లెన్స్ 55 ఎం.ఎం. దగ్గర ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు కాబట్టి, ఎఫ్ 1.8 వరకు తెరుచుకునే 50 ఎం.ఎం. ఎస్‌టీఎం లెన్స్‌తో సెన్సార్ మీద పడే వెలుతురు తొమ్మిది రెట్లు దాటుతుంది, అంటే మూడు స్టాపుల పైమాటే. పైగా దాని ధర బాడీకి చెప్పిన ధరలో పదో వంతు కూడా లేదు. లెన్సే కొన్నాను.

మరుసటి సిరిమానుకు అదే చోట, దాదాపు అదే వేళకు నిలబడ్డాను. కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 6400 పెట్టి సెకనులో 60వ వంతుతో సరిపెట్టుకున్న చోట, ఈసారి ఐఎస్‌ఓ 2500 దగ్గరే 250వ వంతు దొరికింది. ఒక ఫొటోలో పూజారి చేతికి అరచెయ్యంత దూరంలో అరటిపండు ఆగినట్టు నిలిచింది. దాని తొడిమ కూడా కనిపిస్తుంది.

నా కెమెరా సెన్సార్ ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది, దాన్నే 1.6 క్రాప్ అంటారు; అందువల్ల ఈ లెన్స్ నా కెమెరాలో 80 ఎం.ఎం. లెన్స్ చూపేంత మేరే చూపుతుంది కనుక, దగ్గరగా నిలబడితే మాను మొత్తం ఫ్రేములో పట్టదు. ఎఫ్ 1.8 దగ్గర మూలలు నల్లబడి కాస్త మెత్తగా ఉంటాయి, 2.8కి సర్దుకుంటాయి. రెండు మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే స్పష్టంగా ఉండే లోతు పదకొండు సెంటీమీటర్లు మాత్రమే, అందుచేత కంటి మీద ఫోకస్ పెట్టకపోతే ఫొటో పోయినట్టే. ఫోకస్ చేసేటప్పుడు ముందు గొట్టం బయటికి వస్తుంది. అలాగే సంచిలో తోసేసి ఒకసారి భయపడ్డాను. కంపనాన్ని ఆపే ఏర్పాటు లేదు, కానీ 160 గ్రాముల బరువుకు, ఆ ధరకు దాన్ని తప్పు పట్టలేను.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో మాత్రం ఇది పనికిరాలేదు. చింతచెట్ల మీద గూళ్లు కట్టుకున్న పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు చుక్కల్లా పడ్డాయి. అక్కడికి 55-250 ఎం.ఎం. జూమ్ లెన్స్ కావాలి. క్రాప్ సెన్సార్ మీద అది 250 దగ్గర 400 ఎం.ఎం. లెన్స్‌లా పనిచేస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌కు మారి ఉంటే ఆ లాభమూ పోయేది, ఆ లెన్సూ దానికి ఎక్కేది కాదు. ఎగిరే పక్షిని వెంబడించడంలో మాత్రం 200డి వ్యూఫైండర్‌లోని తొమ్మిది ఫోకస్ బిందువులు నిజంగా చాలవు. 6డి మార్క్ 2లో అవి 45. ఆ ఒక్క విషయంలో దుకాణంలోని మాట నిజమే. అయితే కొమ్మ మీద కూర్చున్న పక్షినే ఇంకా సరిగా తీయడం రాని నేను, ఈ శీతాకాలానికి 55-250 కొనడానికే డబ్బు పక్కన పెట్టాను.